బల్బు మార్చాలంటే బంపర్ విప్పాలి

కొత్త కార్ల బానెట్ కింద చెయ్యి పట్టే సందు లేదు. సందు ఉన్నచోట కంప్యూటర్ అడ్డం పడుతుంది. షోరూంలో తాళాలు అందుకున్నవాళ్లకు ఈ సంగతి తెలియకపోవచ్చు. అదే కారు పదేళ్లకు మూడో ఓనరు చేతికొచ్చి, నల్లగొండకో పాలమూరుకో చేరాక తెలుస్తుంది.

నల్లగొండలో దేవరకొండ రోడ్డు మీద ఒక రేకుల షెడ్డు. దాని ముందు ఒక చిన్న కారు మూతి లేకుండా నిలబడి ఉంది. బంపర్‌ను విప్పి గోనెపట్టా మీద పడుకోబెట్టారు. పక్కన గ్రీజు డబ్బా మూతలో స్క్రూలు, నల్లటి ప్లాస్టిక్ క్లిప్పులు. విప్పేటప్పుడే రెండు క్లిప్పులు పుటుక్కుమన్నాయి. బండికి యాక్సిడెంట్ కాలేదు, ఇంజను బాగానే ఉంది. ఎడమ వైపు హెడ్‌లైట్ బల్బు మాడిపోయింది, అంతే.

ఈ విప్పుడు మొదలు కాకముందు బేరం నడిచింది.

"బల్బు మూడు వందలు సారూ. పెట్టుడుకు ఎనిమిది వందలు."

"బల్బు పెట్టుడుకు ఎనిమిది వందలేంది భాయ్?"

"మీరే చెయ్యి పెట్టి సూడుండ్రి."

కారు ఓనరు బడిపంతులు. చొక్కా చెయ్యి మడిచి లోపలికి పోనిచ్చాడు. మణికట్టు దాకా పోయింది, తర్వాత బ్యాటరీ ట్రే అడ్డం. బల్బు వెనక రబ్బరు మూత వేళ్లకు తగిలింది గానీ తిప్పడానికి వీలు కాలేదు. చెయ్యి బయటికి లాక్కునేసరికి మోచేతి కింద రెండు ఎర్రటి గీతలు పడ్డాయి. పంతులు ఇంక మాట్లాడలేదు.

ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఏ షెడ్డు ముందు కాసేపు నిలబడ్డా ఇలాంటి పంచాయితీ ఒకటి కనిపిస్తుంది. ఆయిల్ ఫిల్టర్ అందాలంటే బండి కింద పరిచిన ప్లాస్టిక్ పళ్లెం విప్పాలి. ఏసీ గాలి వడకట్టే ఫిల్టర్ మార్చాలంటే, కొన్నింట్లో గ్లవ్‌బాక్స్ ఊడదీసి డ్యాష్‌బోర్డు కింద వెల్లకిలా దూరాలి. స్పార్క్ ప్లగ్గుల నెత్తిన గాలి గొట్టాల గుత్తి కూర్చుని ఉంటుంది కొన్నింట్లో. బ్యాటరీ డిక్కీలో ఉండే కార్లున్నాయి, సీటు కింద ఉండే కార్లున్నాయి. ఇవేవీ రిపేర్లు కావు, ఏ బండికైనా ఎప్పటికప్పుడు తప్పని మామూలు సర్వీసు పనులు.

అంబాసిడర్ మీద తిరిగిన చెయ్యి

ఇప్పుడు యాభై దాటిన ఉస్తాదులంతా రెండు మూడు బండ్ల మీద పని నేర్చినవాళ్లే. ఒకటి అంబాసిడర్. బానెట్ ఎత్తితే ఇంజను పక్కనుంచి నేల కనిపించేది. రెండోది ఊరూరికీ మనుషుల్ని కుక్కి తీసుకుపోయిన మహీంద్రా జీపు. మూడోది 1983 డిసెంబర్‌లో రోడ్డెక్కిన మారుతి 800. మూడు సిలిండర్లు, 796 సీసీ, ఏ భాగం ఎక్కడుందో చూడగానే తెలిసే బండి. పది, పన్నెండు, పద్నాలుగు నంబరు పానాలు, ఒక స్క్రూడ్రైవర్, ఒక ప్లగ్ పానా ఉంటే షాగిర్దు కుర్రాడు కూడా సగం పని కానిచ్చేవాడు. మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగింది. అదే ఏడాది మే నెలలో ఉత్తర్‌పారాలో అంబాసిడర్ లైను కూడా ఆగింది. రెండు జిల్లాల షెడ్లకు అది వాళ్ల పాఠ్యపుస్తకం మారిన ఏడాది.

పాత బండ్లను నెత్తిన పెట్టుకోవాల్సిన పనేమీ లేదు. శ్రీశైలం ఘాట్ ఎక్కుతూ రేడియేటర్ పొగలు కక్కితే రోడ్డు పక్కన క్యాన్ పట్టుకుని నిలబడ్డ రోజులు చాలామందికి గుర్తే. నల్లగొండ బోరు నీళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. ఆ నీళ్లు పోస్తే రేడియేటర్ గొట్టాల్లో సున్నం పేరుకునేది, రెండు ఎండాకాలాలు గడిచేసరికి దాన్ని విప్పి కడ్డీ పెట్టి పొడవాల్సిందే. ఇప్పటి బండ్లలో కూలెంట్‌కు మూత బిగించి, కంపెనీ చెప్పిన ద్రవం తప్ప వేరేది పోయొద్దంటున్నారు. అది మనుషుల్ని సతాయించడానికి పెట్టిన రూలు కాదు, మంచి పద్ధతి. అయిదు వేల కిలోమీటర్లకోసారి మార్చే ఇంజన్ ఆయిల్ ఇప్పుడు చాలా కార్లలో పది వేల దాకా ఆగుతోంది. కార్బ్యురేటర్ మొరాయింపు లేదు, పొద్దున్నే చోక్ లాగే పని లేదు. గుద్దుకుంటే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటుంది. ఇవన్నీ కావాల్సినవే. వీటితో పాటు ఇంకోటి కూడా వచ్చింది, దాన్ని మాత్రం ఎవరూ కోరలేదు.

పన్ను లెక్కలో కుదించుకుపోయిన బానెట్

బానెట్ కింద ఇంత ఇరుకు ఎందుకంటే, మన దేశానికి సంబంధించిన కారణం ఒకటుంది. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్లకు మించని పొడవు, పెట్రోల్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ లోపు ఇంజను ఉన్న కార్లకు ఎక్సైజ్ సుంకం తగ్గించారు. జీఎస్టీ వచ్చాక కూడా ఆ గీత అలాగే నిలిచింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆ గీత ఇవతలి కారు మీద 18 శాతం, అవతలి కారు మీద 40 శాతం పన్ను. నాలుగు మీటర్లకు ఒక్క సెంటీమీటర్ ఎక్కువైనా లక్షల తేడా.

కాబట్టి కంపెనీ ముందు నాలుగు మీటర్ల కర్ర ఉంటుంది. షోరూంకు వచ్చేవాడు వెనక సీట్లో కూర్చుని మోకాళ్ల ముందు ఎంత జాగా ఉందో చూస్తాడు, డిక్కీ తెరిచి సూట్‌కేసులు లెక్కేస్తాడు. బానెట్ ఎత్తి బల్బు అందుతుందా అని చూసే కొనుగోలుదారు ఉండడు. నేనూ చూడలేదు. అప్పుడు కుదించడానికి మిగిలేది ముందు భాగమే. గుద్దుకున్నప్పుడు నలిగి మనల్ని కాపాడే భాగం కూడా అక్కడే ఉండాలి. ఏసీ కంప్రెసర్, టర్బో, ఏబీఎస్ పెట్టె కూడా అక్కడే. పొగ శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ వేడెక్కితే తప్ప పనిచేయదు, అందుకని దాన్ని ఇంజనుకు ఆనించి పెడతారు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక ఈ సామాను ఇంకా పెరిగింది.

ఇంకో కారణం ఫ్యాక్టరీలో ఉంది. హెడ్‌లైట్లు, రేడియేటర్, ఫ్యాన్లు కలిపి మొత్తం మూతిని ఒకే ముద్దగా తెచ్చి బండికి తగిలిస్తారు. అసెంబ్లీ లైన్‌లో నిమిషం మిగిలితే కంపెనీకి కోట్లు మిగులుతాయి. ప్లాస్టిక్ క్లిప్పును టక్కున నొక్కడానికి సెకను పడుతుంది, స్క్రూ బిగించడానికి అయిదారు సెకన్లు. ఆ క్లిప్పు ఒక్కసారి ఎక్కడానికి పుట్టింది. నల్లగొండ ఎండకు ఎనిమిదేళ్లు మాడాక దాన్ని విప్పబోతే ఏమవుతుందో దేవరకొండ రోడ్డు షెడ్డులో చూశాం.

పానాకు లొంగని పని

ఇరుకు సంగతి ఎలాగో సర్దుకోవచ్చు. సన్నటి చేతులున్న కుర్రాణ్ని పెట్టుకుంటారు, వంకర పానా చేయించుకుంటారు. జడ్చర్లలో ఒక ఉస్తాద్ పాత పానాను సగానికి కోసి, వంచి, వెల్డింగ్ చేయించి, ఒకే ఒక్క మోడల్ బండి ఆయిల్ ఫిల్టర్ కోసం గోడకు తగిలించుకున్నాడు. దానికి ఆ కారు పేరే పెట్టాడు. కంప్యూటర్ దగ్గరే అసలు చిక్కు.

డీజిల్ బండి ఇంజెక్టర్‌నే తీసుకుందాం. ఒక్కో ఇంజెక్టర్ ఎంత డీజిల్ చిమ్ముతుందో ఫ్యాక్టరీలో కొలిచి, ఆ తేడాను అక్షరాలు, అంకెలు కలిసిన కోడ్‌గా దాని మీదే చెక్కుతారు. ఇంజెక్టర్ మార్చాక ఆ కోడ్‌ను ఇంజను కంప్యూటర్‌లో ఎక్కించాలి. ఎక్కించకపోతే కొత్త ఇంజెక్టర్ పెట్టిన బండి పాత లెక్క ప్రకారమే డీజిల్ పోస్తుంది. ఇంజను వణుకుతుంది, పొగ వస్తుంది. చేసిన పని నూటికి నూరుపాళ్లు సరైనదే, అయినా కస్టమర్ దృష్టిలో మెకానిక్ పనిరానివాడు. ఎక్కించడానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్ కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఉంటుంది.

స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది, ఓబీడీ పోర్ట్ అంటారు. కాలుష్యానికి సంబంధించిన తప్పుల్ని అందరికీ ఒకే కోడ్‌లో చెప్పాలన్నది నిబంధన. అందుకే వెయ్యి రూపాయల బ్లూటూత్ ముక్క తగిలించినా పీ-0301 అని ఫోన్‌లో కనిపిస్తుంది, అంటే మొదటి సిలిండర్ సరిగ్గా మండట్లేదని. అక్కడిదాకా దారి బాగానే ఉంది. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, తాళంచెవి, గేర్‌బాక్స్ సంగతులకు వస్తే ఒక్కో కంపెనీది ఒక్కో భాష. కొన్ని జర్మన్ కార్లలో కొత్త బ్యాటరీ పెట్టినా ఆ సంగతి కంప్యూటర్‌కు చెప్పి నమోదు చేయించాలి.

తాళంచెవి గురించి పాలమూరులో ఎవరినడిగినా కథ చెబుతారు. వెనకటికి బజారులో తాళాలు చేసేవాడు ఆకురాయితో పది నిమిషాల్లో నకలు తీసిచ్చేవాడు. ఇప్పుడు తాళంచెవిలో చిప్ ఉంటుంది, దాన్ని బండి గుర్తుపట్టాలి. అది దొంగలకు మంచి అడ్డమే, ఒప్పుకోవాలి. కానీ మూడో ఓనరుకు కారుతో పాటు వచ్చేది చాలాసార్లు ఒక్కటే చెవి. రెండోది మొదటి ఓనరింట్లో ఏ సొరుగులో పడి ఉందో! ఉన్న ఆ ఒక్కటీ పెళ్లిలో పోయిందంటే బండిని ఎత్తి హైదరాబాద్ పంపాల్సిందే.

ఇక ఎలుకలు. నవ్వే విషయం కాదు. మిర్యాలగూడలో రైస్ మిల్లుల మధ్య రాత్రిళ్లు కారు నిలిపేవాళ్లను అడగండి. పాత బండిలో ఎలుక వైరు కొరికితే ఒక లైటో, హారనో పోయేది. ఇప్పుడు బండిలో ఉన్న పదుల కంప్యూటర్లు రెండు సన్నటి తీగల మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఆ రెంటిలో ఒకటి తెగితే డ్యాష్‌బోర్డు మీద అయిదారు హెచ్చరిక దీపాలు ఒకేసారి దీపావళి చేస్తాయి. స్టీరింగ్, బ్రేకు, ఇంజను, అన్నీ పాడైనట్టే చెబుతుంది బండి. ఎలుక కొరికిన చోటు వెతకడం చేతకాక, ఓపిక లేక మొత్తం వైరింగ్ మార్చాలని చెప్పే చోట్లున్నాయి. మల్టీమీటర్ పట్టుకుని బోర్లా పడుకుని జానెడు జానెడు వెతికి, తెగిన ముక్క అతికి ఇచ్చే పాత ఎలక్ట్రీషియన్లూ ఉన్నారు. వీళ్లకు రావాల్సినంత పేరు రాలేదు.

నగరం వాడి దిగువకు వదిలినవి

కొత్త కారు ఎక్కువగా హైదరాబాద్‌లో అమ్ముడవుతుంది. అయిదారేళ్లకు వారంటీ గడువులన్నీ తీరాక చేతులు మారుతుంది. ఇంకొన్నేళ్లకు 65వ నంబరు హైవే మీద నల్లగొండ, సూర్యాపేట వైపో, 44వ నంబరు హైవే మీద జడ్చర్ల, వనపర్తి వైపో దిగుతుంది. ఏడో ఏట నుంచి పదిహేనో ఏట దాకా దాని బతుకు ఇక్కడే. బెల్టులు, బుష్‌లు, సెన్సార్లు, పంపులు పోయే వయసు కూడా అదే. కంపెనీ ఇంజనీరు లెక్కలో ఉన్న మనిషి మొదటి ఓనరు. ఆయనకు బండి మామూలు సర్వీసు తప్ప ముట్టుకోనక్కర్లేనంత బాగుంటుంది. గేర్‌బాక్స్ ఆయిల్ అసలు మార్చక్కర్లేదని మాన్యువల్‌లో రాసే కంపెనీలున్నాయి. లక్ష కిలోమీటర్ల లోపు అమ్మేసేవాడికి ఆ మాట నిజం. తర్వాత కొన్నవాడి గురించి మాన్యువల్ మాట్లాడదు. నా ఫిర్యాదంతా ఇక్కడే. కార్లు చెడ్డవి కావు, వాటి ఆయుష్షులో రెండో సగాన్ని ఎవరూ డిజైన్ చేయలేదు.

డీజిల్ బండ్లలో ఇది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బీఎస్-6 డీజిల్ కారు సైలెన్సర్ దారిలో మసిని పట్టే వడపోత డబ్బా ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. అందులో మసి నిండాక దాదాపు 600 డిగ్రీల వేడి పుట్టించి దాన్ని కాల్చేసుకుంటుంది. అందుకు బండి ఆగకుండా పావుగంటో ఇరవై నిమిషాలో ఒక మోస్తరు వేగంతో పరుగెత్తాలి. పాలమూరులో ఇంటి నుంచి ఆసుపత్రికి రెండు కిలోమీటర్లు తిరిగే డాక్టరుగారి బండికి ఆ అవకాశం ఎక్కడిది? లైటు వెలుగుతుంది. అప్పుడు పనేమీ లేకపోయినా జడ్చర్ల దాకా పోయి, హైవే ఎక్కి, ఒక చక్కర్ కొట్టి రావాలి. పొగ తగ్గించడానికి పెట్టిన డబ్బాను శుభ్రం చేయడానికి డీజిల్ కాల్చుకుంటూ తిరగడమన్నమాట. పట్టించుకోకపోతే డబ్బా పూర్తిగా మూసుకుపోతుంది, ఇంజను బలం చచ్చిపోతుంది. కొత్త డబ్బా ధర విని కొందరు దాన్ని కోసి పారేయించి, కంప్యూటర్‌కు అది ఉన్నట్టే అబద్ధం చెప్పిస్తున్నారు. చట్టం ఒప్పదు, ఊపిరితిత్తులూ ఒప్పవు. కానీ ఆ తప్పుడు పని జిల్లాలో దొరుకుతోంది, సరైన పని వంద కిలోమీటర్ల దూరంలో ఉంది. జనం ఎటు పోతారో ఊహించడం కష్టం కాదు.

కంపెనీయే వెళ్లిపోతే? షెవర్లే 2017 చివర్లో మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021 సెప్టెంబర్‌లో ఇక్కడ తయారీ మానుకుంటున్నట్టు ప్రకటించింది. పాలమూరు పల్లెల్లో షెవర్లే టవేరాలు ఆ తర్వాత కూడా పెళ్లివారిని మోస్తూనే ఉన్నాయి. అవి పానాకు లొంగే బండ్లు కాబట్టి నెట్టుకొస్తున్నాయి. ఫోర్డ్ ఒక లీటరు ఎకోబూస్ట్ ఇంజనులో టైమింగ్ బెల్టు ఇంజను లోపల ఆయిల్‌లోనే మునిగి తిరుగుతుంది. చెప్పిన రకం ఆయిల్ చెప్పిన వేళకు పోయకపోతే బెల్టు పొట్టు రాలి ఆయిల్ దారికే అడ్డం పడుతుంది. బయటినుంచి చూసి ఆ బెల్టు ఎలా ఉందో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఆ బండి మూడో ఓనరుకు ముందు ఇద్దరూ ఏ ఆయిల్ పోశారన్నది దేవుడికే తెలియాలి.

ట్రాక్టర్ల దగ్గర మాత్రం కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. 2023 జనవరి నుంచి కఠినమైన కాలుష్య నిబంధన వచ్చింది 50 హార్స్‌పవర్ దాటిన వాటికే. మన రైతుల చేతుల్లో ఎక్కువగా ఉన్నవి అంతకన్నా చిన్నవి, ఇంకా పాత పద్ధతి పంపుతో నడిచేవి. అమెరికాలో అలా కాదు. జాన్ డీర్ ట్రాక్టర్ల సాఫ్ట్‌వేర్ కోసం అక్కడి రైతులు ఏళ్ల తరబడి కొట్లాడారు, 2025 జనవరిలో ఫెడరల్ ట్రేడ్ కమిషనే ఆ కంపెనీ మీద కోర్టుకెక్కింది.

ఎవరికీ తెలియని తీర్పు

మన దేశంలో ఈ కొట్లాట అంతకన్నా ముందే జరిగింది. 2011లో శంషేర్ కటారియా అనే వ్యక్తి కాంపిటీషన్ కమిషన్‌కు ఫిర్యాదు చేశారు. విడిభాగాలను, రోగం కనిపెట్టే పరికరాలను కంపెనీలు బయటి మెకానిక్కులకు అందనివ్వడం లేదన్నది ఆయన అభియోగం. మొదట మూడు కంపెనీల మీద వచ్చిన ఫిర్యాదు విచారణలో పరిశ్రమ అంతటికీ పాకింది. 2014 ఆగస్టు 25న కమిషన్ 14 కార్ల కంపెనీలకు మొత్తం 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. కంపెనీలు ట్రిబ్యునల్‌కు, హైకోర్టుకు వెళ్లాయి. జరిమానా సంగతి వాళ్లు వాళ్లు చూసుకుంటారు గానీ, ఆ ఉత్తర్వులో మనకు పనికొచ్చే ముక్క వేరే ఉంది. బయట సర్వీసు చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చేయకూడదని కమిషన్ చెప్పింది. బయటి మెకానిక్ తప్పు పని వల్ల ఏ భాగం చెడిందో, ఆ మేరకే వారంటీ కాదనవచ్చు. ఈ మాట నల్లగొండలో ఎంతమంది కారు ఓనర్లకు తెలుసు? బయట ఆయిల్ మార్పిస్తే వారంటీ పోయిందన్న భయంతోనే మొదటి అయిదేళ్లు గడిపేస్తున్నారు.

2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసి, ఆ డిసెంబర్‌లో పోర్టల్ తెరిచింది. కార్లు, వ్యవసాయ యంత్రాలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. పోర్టల్ చట్టం కాదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2012లో జనం ఓటుతోనే ఈ పని చేసింది, డీలర్‌కు ఇచ్చే సమాచారం బయటి మెకానిక్‌కూ అమ్మాలని. మన దగ్గర 2023 అక్టోబర్ నుంచి భారత్ ఎన్‌క్యాప్ కార్ల భద్రతకు నక్షత్రాలు ఇస్తోంది. బల్బు మార్చడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే నక్షత్రం కూడా ఒకటి పక్కన అంటిస్తే పోయేదేముంది?

మెకానిక్కులు చట్టం కోసం కూర్చోలేదు. ఉస్తాద్‌కు చదువు రాకపోయినా కొడుకు ఐటీఐ చేశాడు, సెకండ్ హ్యాండ్ బైకు ధర పెట్టి చైనా స్కానర్ కొన్నాడు. వైరింగ్ బొమ్మలు వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. హర్యానాలో ఎవరో హిందీలో చేసిన వీడియో చూసి అచ్చంపేటలో గేర్‌బాక్స్ దించుతున్నారు. రాష్ట్ర ప్రభుత్వం 2024లో టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ప్రభుత్వ ఐటీఐలను అధునాతన కేంద్రాలుగా మార్చే పని మొదలుపెట్టింది, విద్యుత్ వాహనాల మెకానిక్ కోర్సు కూడా అందులో ఉంది. మంచిదే. ఈ జిల్లాల షెడ్లలో మాత్రం ఇంకో పదేళ్లపాటు బారులు తీరేవి ఇప్పుడు హైదరాబాద్‌లో మెరుస్తూ తిరుగుతున్న పెట్రోల్, డీజిల్ కార్లే.

అందుకే తెలివైనవాళ్లు పాత కారు కొనడానికి పోయేటప్పుడు ఉస్తాద్‌ను వెంటబెట్టుకుపోతున్నారు. ఆయన పెయింటు చూడడు, మీటర్లో కిలోమీటర్లు నమ్మడు. ముందు రెండో తాళంచెవి ఏదని అడుగుతాడు. ఇంజను స్టార్ట్ చేయకుండా చెవి తిప్పి, హెచ్చరిక దీపాలన్నీ ఒకసారి వెలిగి ఆరుతున్నాయో లేదో చూస్తాడు, ఎందుకంటే వెలగకుండా చేసి అమ్మేవాళ్లున్నారు. స్కానర్ తగిలిస్తాడు. తర్వాత బానెట్ ఎత్తి ఆయిల్ ఫిల్టర్ దాకా చెయ్యి పోనిస్తాడు. అందకపోతే కింద పడుకుని చూస్తాడు. చివరికి జడ్చర్లలోనో నల్లగొండలోనో విడిభాగాల దుకాణానికి ఫోన్ చేసి, ఈ మోడల్‌కు వాటర్ పంపు ఉందా, తెప్పించాలంటే ఎన్ని రోజులని అడుగుతాడు. మొన్న ఎల్బీ నగర్‌లో ఒక డీజిల్ ఎస్‌యూవీ దగ్గర బేరగాడు నలభై వేలు తగ్గిస్తానన్నాడు. కొనేవాడికి ఆశ పుట్టింది. ఉస్తాద్ చేతులు తుడుచుకుంటూ, "ఆ నలభై వేలు పైన మనమే పెట్టాల్సొస్తది, నడువ్," అని పక్కన నిలబెట్టిన పాత వ్యాగన్ఆర్ బానెట్ ఎత్తాడు.